ఒంటారియో ప్రభుత్వ అద్దె ఒప్పంద పత్రం: విశాఖ తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇల్లు అద్దెకు ఇచ్చే యజమాని తనకు తోచినట్లు ఒప్పందం రాసుకోవడానికి వీలులేదు. అక్కడి ప్రభుత్వం రూపొందించిన ప్రామాణిక పత్రాన్నే చాలా ఇళ్లకు తప్పనిసరిగా వాడాలి. ఈ నియమం 2018 ఏప్రిల్ 30న అమల్లోకి వచ్చింది. 2021 మార్చి 1 నుంచి కుదిరే ఒప్పందాలకు సవరించిన రూపం వర్తిస్తోంది. పత్రం సంఖ్య 2229ఈ. ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి దీన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. విశాఖపట్నంలో అద్దె ఒప్పందాలు రాయడం, ఇతరులు రాసినవి చదివి చెప్పడం నా వృత్తి కనుక, పిల్లల్ని ఆ రాష్ట్రానికి చదువుకు పంపుతున్న గాజువాక, సీతమ్మధార, ఎంవీపీ కాలనీల తల్లిదండ్రులు కొందరు ఈ పత్రాన్ని ముద్రించి నా దగ్గరకు తెస్తున్నారు. ద్వారకా నగర్ కన్సల్టెన్సీలలో కాలేజీ ప్రవేశం గురించి, వీసా గురించి ఎంతో వివరంగా చెబుతారు గాని, పిల్లలు సంతకం పెట్టబోయే ఈ కాగితం గురించి చెప్పేవారు తక్కువ. ఆ లోటు కొంతైనా తీరాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. అద్దెకుండేవారికి అర్థమయ్యేలా రాసిన పత్రాలలో నేను చదివినంతవరకు ఇంత మంచిది లేదు. అయితే మన పిల్లలు ఆ దేశంలో దిగిన కొత్తలో ఎక్కువగా చేరే గదులకు దీని రక్షణ తరచుగా అందదు, ఆ సంగతి ఈ పత్రం సూటిగా చెప్పదు. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుంచుకున్న కుటుంబమే డబ్బు పంపే ముందు సరైన ప్రశ్నలు అడగగలుగుతుంది.

పత్రంలో మొత్తం 17 భాగాలున్నాయి. యజమాని చట్టబద్ధమైన పేరు, అద్దెదారుల పేర్లు, ఇంటి చిరునామా, నోటీసులు పంపవలసిన చిరునామా, ఈమెయిల్ ద్వారా నోటీసులు తీసుకోవడానికి సమ్మతి ఉన్నదీ లేనిదీ మొదటి మూడు భాగాలలో వస్తాయి. నాలుగవది గడువు. అయిదవది అద్దె. ఇక్కడ మూల అద్దె ఎంత, కారు నిలపడానికి ఎంత, ఇతర సేవలకు ఎంత అని విడివిడిగా గళ్లు పెట్టి, కింద మొత్తం రాయమంటారు. చెల్లింపు బ్యాంకులో నిధులు లేక తిరిగి వస్తే యజమాని వసూలు చేయగల నిర్వహణ రుసుము 20 డాలర్లకు మించకూడదని అక్కడే అచ్చై ఉంటుంది. మన దగ్గర చెక్కు తిరిగి వస్తే ఎంత కట్టాలన్నది ఓనరు చెప్పినంత. అక్కడ దానికి చట్టమే హద్దు గీసింది.

ఆరవ భాగాన్ని విశాఖవాసులు ప్రత్యేకంగా నిదానించి చదవాలి. కరెంటు, నీరు, ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్, వీటిలో ప్రతిదానికీ బిల్లు యజమాని కడతాడా, అద్దెదారు కడతాడా అని గుర్తు పెట్టే గళ్లు ఇక్కడ ఉన్నాయి. సముద్రపు గాలిలో పెరిగిన మనకు ఇల్లు వెచ్చబెట్టుకోవడం ఒక ఖర్చు అన్న ఊహే రాదు కాబట్టి, అద్దె తక్కువగా కనిపించిన ఇంటికి సరే అనేసి, చలికాలంలో వచ్చే గ్యాసు బిల్లు చూసి కంగారుపడే కుటుంబాలున్నాయి. హీటింగ్ బాధ్యత యజమానిదైతే, సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 వరకు ఇంట్లో కనీసం 20 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడాలని ఆ రాష్ట్రపు నిర్వహణ ప్రమాణం చెబుతోంది. రెండు ఇళ్ల అద్దెలను పోల్చేటప్పుడు అయిదవ భాగంలోని అంకెనూ ఆరవ భాగంలోని గుర్తులనూ కలిపి లెక్కవేస్తే తప్ప ఏది చవకో తేలదు.

అన్నిటికంటే మనవాళ్లకు నమ్మశక్యం కానిది ఎనిమిదవ భాగం. అది అడ్వాన్సుకు సంబంధించినది. విశాఖలో అద్దె ఇల్లు తీసుకునేవారు కొన్ని నెలల అద్దెను అడ్వాన్సుగా ఇవ్వడం, ఖాళీ చేసేటప్పుడు రంగులకనీ మరమ్మతులకనీ అందులోంచి కొంత కోత పడటం మామూలు వ్యవహారం. ఒంటారియోలో నెలవారీ అద్దె ఇంటికి యజమాని కోరగల అడ్వాన్సు ఒక్క నెల అద్దెకు మించకూడదు. ఆ మొత్తాన్ని చివరి నెల అద్దె కిందే సర్దుబాటు చేయాలి. గోడకు గీత పడిందనో, తలుపు విరిగిందనో దాన్ని పట్టుకోవడానికి లేదు. నష్టాలకు ముందే డిపాజిట్ అడగడం అక్కడ చట్టం ఒప్పని పని. పైగా ఆ ఒక్క నెల డబ్బుకు యజమాని ఏటా వడ్డీ ఇవ్వాలి. వడ్డీ రేటు ఆ సంవత్సరం అద్దె పెంపునకు ప్రభుత్వం ప్రకటించే పరిమితి ఎంతో అంతే ఉంటుంది: 2025లో 2.5 శాతం, 2026లో 2.1 శాతం. తాళంచెవులకు డిపాజిట్ తీసుకోవచ్చు గాని, అది వాటిని మళ్లీ చేయించడానికి అయ్యే అసలు ఖర్చును మించకూడదు, చెవులు అప్పగించగానే తిరిగి ఇవ్వాలి. రాబోయే నెలల తేదీలతో చెక్కులు రాసి ఇస్తేనే ఇల్లు ఇస్తానని షరతు పెట్టడానికి కూడా వీలులేదు.

ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, కొత్తగా వెళ్లే విద్యార్థిని ఆరు నెలల అద్దె ఒకేసారి పంపమని అడిగే యజమానులు ఉన్నారు. అక్కడ ఉద్యోగం లేదు, క్రెడిట్ చరిత్ర లేదు కాబట్టి అడగడం న్యాయమే అనుకుని మన తల్లిదండ్రులు ఒప్పేసుకుంటారు. ఆదాయ వివరాలు, క్రెడిట్ సమాచారం, హామీదారు పేరు అడిగే హక్కు యజమానికి ఉన్నమాట నిజమే. కాని క్రెడిట్ చరిత్రే లేకపోవడాన్ని చెడ్డ చరిత్రగా లెక్కించకూడదని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ విధానం చెబుతోంది. పుట్టిన దేశాన్ని బట్టి, పౌరసత్వాన్ని బట్టి ఇల్లు నిరాకరించడం అక్కడి మానవ హక్కుల చట్టానికి విరుద్ధం. ఎనిమిదవ భాగం ముద్రించి ఉన్న పుటను మర్యాదగా చూపించి, ఒక నెల అడ్వాన్సు, మొదటి నెల అద్దె ఇస్తామని చెప్పడంలో తప్పేమీ లేదు. అంతకు మించి కావాలని పట్టుబట్టే ఇంటిని వదిలి మరో ఇల్లు వెతకమని నా దగ్గరకు వచ్చినవారికి చెబుతున్నాను.

గడువు విషయానికి వద్దాం. మన ఊళ్లో ఒప్పందం పదకొండు నెలలకే రాయిస్తాం. ఏడాదికి మించిన లీజును 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టపు మూల నియమం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన అలవాటు ఇది. పదకొండు నెలలు తిరిగేసరికి ఓనరు కొత్త అద్దె చెబుతాడు. నచ్చకపోతే సామాను సర్దుకోవాలి. ఒంటారియో పత్రంలో నాలుగవ భాగం కింద, గడువు తీరినంత మాత్రాన అద్దెదారు ఇల్లు ఖాళీ చేయనక్కరలేదని స్పష్టంగా రాశారు. ఏడాది ఒప్పందం ముగిశాక కొత్త పత్రం రాయకపోయినా అద్దె నెలవారీగా, పాత షరతుల మీదే కొనసాగుతుంది. అద్దె పెంచాలంటే గత పెంపు నుంచి పన్నెండు నెలలు గడవాలి, 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. యజమాని, అద్దెదారుల మధ్య తగవులు తీర్చే బోర్డు ఉత్తర్వు లేకుండా ఎవరినీ బలవంతంగా ఖాళీ చేయించడానికి లేదు. ఇంట్లోకి వచ్చి చూడాలన్నా, అత్యవసరం కానప్పుడు, 24 గంటల ముందు కారణం రాసి ఇచ్చి, ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల లోపు రావాలి.

అదే సమయంలో గడువు అద్దెదారును కూడా కట్టివేస్తుంది. ఏడాదికి సంతకం పెట్టిన విద్యార్థి ఏడవ నెలలో మరో నగరంలో పని దొరికి వెళ్లిపోతే మిగతా నెలల అద్దె బాధ్యత దానంతట అది తీరిపోదు. ఖాళీ చేయదలచినవారు 60 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ తేదీ ఒప్పందపు గడువు కంటే ముందు పడకూడదు. ఇటువంటప్పుడు ఉపయోగపడేది పద్నాలుగవ భాగం. ఇంటిని పూర్తిగా మరొకరికి అప్పగించడానికి సమ్మతి కోరుతూ యజమానికి రాస్తే, ఆయన ఒప్పుకోకపోయినా, ఏడు రోజులలో బదులు ఇవ్వకపోయినా, అద్దెదారు 30 రోజుల నోటీసుతో బయటపడవచ్చు. ఈ వెసులుబాటు తెలియక, ఉండని ఇంటికి నెలల తరబడి అద్దె పంపిన కుటుంబాలను చూసి నాకు బాధ కలిగింది. పత్రం ఈ భాగంలో యజమాని సమ్మతి గురించి క్లుప్తంగా చెప్పి ముగించింది; బదులు రాని పక్షంలో ఏమి చేయవచ్చో కూడా అంతే స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

పదిహేనవ భాగం, అంటే అదనపు షరతుల భాగం, ఈ పత్రానికి ప్రాణం. యజమానులు తమ కోరికలన్నీ ఇక్కడే జోడిస్తారు. అందుకు వారికి హక్కుంది. కాని చట్టానికి విరుద్ధమైన షరతు చెల్లదని, సంతకం పెట్టినా దాన్ని అమలు చేయలేరని ఆ భాగంలోనే చెప్పి, చెల్లని షరతులకు ఉదాహరణలు కూడా ఇచ్చారు: పెంపుడు జంతువులు ఉండకూడదనడం, అతిథులు రాకూడదనడం, నష్టాలకు డిపాజిట్ కోరడం, యజమాని చేయించవలసిన మరమ్మతులను అద్దెదారు నెత్తిన పెట్టడం. చెల్లని మాటలకు ఉదాహరణలు తన పొట్టలోనే మోసుకువచ్చే ఒప్పందాన్ని మన దగ్గర నేను చూడలేదు. వృత్తిపరంగా నాకు దీనిమీద గౌరవం కలిగింది ఇక్కడే.

నా దగ్గరకు వచ్చిన ఒక ఒప్పందానికి వెనుక మూడు పుటల అదనపు షరతులు కుట్టి ఉన్నాయి. రాత్రిపూట స్నేహితులు ఉండకూడదు, కొంత మొత్తం లోపు ఖర్చయ్యే మరమ్మతులన్నీ విద్యార్థే చేయించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేయించే ఖర్చు ముందే జమ చేయాలి అని వరుసగా రాశారు. పదిహేనవ భాగాన్ని పక్కనే ఉంచుకుని చదివితే వాటిలో ప్రధానమైనవి నిలబడవని ఆ విద్యార్థి తండ్రికి కూడా తెలిసిపోయింది. చట్టం తెలిసిన మనిషి సాయం లేకుండా, సాధారణ ఇంగ్లీషు చదవగల తండ్రికి ఆ సంగతి బోధపడటమే ఈ పత్రం సాధించిన గొప్పతనం. ఇల్లు పొగతాగని ఇల్లుగా ఉండాలని, అద్దెదారు బీమా తీసుకోవాలని రాసే షరతులు మాత్రం చెల్లుతాయి; వాటికి పది, పదకొండు భాగాలలో వేరే చోటు ఉంది.

సంతకాల భాగం చిన్నదే గాని, నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకునే మన పిల్లలకు అది చాలా ముఖ్యం. ఒకరి కంటే ఎక్కువమంది అద్దెదారులు సంతకం చేస్తే, ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులని అక్కడ రాసి ఉంది. నలుగురిలో ఇద్దరు మధ్యలో వెళ్లిపోతే మిగిలిన ఇద్దరినీ నాలుగు వాటాలూ కట్టమని అడిగే హక్కు యజమానికి ఉంటుంది. మా అబ్బాయి వాటా ఇంతే కదా అని ఇక్కడి తల్లిదండ్రులు అనుకునే లెక్క పిల్లల మధ్య మాటే తప్ప యజమానికి వర్తించేది కాదు. కాబట్టి ఎవరితో కలిసి సంతకం పెడుతున్నారో తెలుసుకోవడం, ఆ పిల్లలు తమలో తాము వాటాల గురించి ఒక కాగితం రాసుకోవడం అవసరం.

ఇక లోపాలు. మొదటిదీ పెద్దదీ నేను పైన సూచించినదే. యజమానితోగాని, యజమాని భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులతోగాని వంటగది లేదా స్నానాల గది పంచుకోవలసిన ఇంటికి అక్కడి నివాస అద్దె చట్టమే వర్తించదు. బ్రాంప్టన్‌లోనో, స్కార్‌బరోలోనో తెలిసినవారి ఇంట్లో ఒక గది తీసుకుని, వారి వంటింట్లోనే వండుకునే విద్యార్థికి ఒక నెల అడ్వాన్సు పరిమితి లేదు, బోర్డు రక్షణ లేదు, 90 రోజుల నోటీసు లేదు. వేరే వంటగది, వేరే బాత్రూము ఉన్న బేస్‌మెంట్ పోర్షన్ అయితే చట్టం వర్తిస్తుంది. ఈ తేడా అద్దె అంకె కంటే ముఖ్యమైనది. కాని పత్రం వెనుక ఉన్న సాధారణ సమాచార భాగంలో, చట్టం నుంచి మినహాయింపు పొందిన ఇళ్లకు ఈ పత్రం వాడకూడదని చెప్పి, వివరాలకు చట్టంలోని అయిదవ సెక్షన్ చూడమని వదిలేశారు. పరాయి దేశం నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల ఆ సెక్షన్ వెతికి చదువుతుందని ఆశించడం సమంజసం కాదు. పత్రం మొదటి పుటలోనే, మీరు యజమానితో వంటగది పంచుకుంటారా అని ఒక ప్రశ్న, దానికి ఎదురుగా రెండు గళ్లు ఉండాలి.

దానికి తోడు, ఇంటిని అద్దెకు తీసుకున్న ఒక సీనియర్ విద్యార్థి తనతో కలిసి ఉండే జూనియర్లకు గదులు పంచి డబ్బు వసూలు చేసే పద్ధతి మనవాళ్లలో బాగా ఉంది. ఆ జూనియర్‌కు యజమానితో ఒప్పందం ఉండదు. అద్దె చట్టం దృష్టిలో అతడు అద్దెదారు కాకపోవచ్చు. తగవు వస్తే బోర్డుకు కాక చిన్న దావాల కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. అటువంటి ఏర్పాటులో చేరే పిల్లలు ఎంత ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో రాయించుకుని, డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. స్నేహం ఉన్నచోట కాగితం ఎందుకని మొహమాటపడవద్దని కోరుతున్నాను.

రెండవ లోపం ఇంటి వయసు గురించినది. 2018 నవంబరు 15 తరువాత మొదటిసారి నివాసానికి వాడిన ఇళ్లకు, ప్రభుత్వం ఏటా ప్రకటించే అద్దె పెంపు పరిమితి వర్తించదు. కొత్త అపార్ట్‌మెంటులో చేరినవారికి ఏడాది తిరిగాక ఎంతైనా పెంచవచ్చు. పన్నెండు నెలల ఎడం, 90 రోజుల నోటీసు మాత్రమే వారికి మిగిలే రక్షణ. అయినా ఇల్లు ఏ సంవత్సరం నుంచి వాడుకలో ఉందో రాసే గడి ఈ పత్రంలో లేదు. యజమానిని ఈమెయిల్ ద్వారా అడిగి జవాబు దాచుకోవడమే మార్గం.

మూడవది పత్రం లోపం అనలేను గాని, దాన్ని నమ్ముకునేవారు తెలుసుకోవలసినది. ఎవరైనా ఉచితంగా దించుకోగల ఫారమ్ కాబట్టి, ఇల్లు తనది కాని మనిషి కూడా దాన్ని అందంగా నింపి పంపగలడు. ప్రభుత్వ ముద్ర కనిపించినంత మాత్రాన ఇల్లు ఆ మనిషిదని కాదు. మనం ఇల్లు కొనేముందు ఈసీ తీయించినట్లే, ఒంటారియోలో ఆన్‌ల్యాండ్ అనే ఆన్‌లైన్ భూమి రికార్డుల సేవలో రుసుము చెల్లించి ఆస్తి ఎవరి పేరున ఉందో చూడవచ్చు. మొదటి భాగంలో రాసిన యజమాని పేరు ఆ రికార్డులోని పేరుతో సరిపోవాలి. ఏజెంటు సంతకం చేస్తుంటే అధికారం ఇచ్చిన పత్రం చూపమనాలి. అక్కడే ఉన్న నమ్మకమైన మనిషి ఒకరు వెళ్లి ఇల్లు కళ్లారా చూసేవరకు విశాఖ నుంచి డబ్బు పంపకపోవడం మంచిది.

ప్రామాణిక పత్రం ఇవ్వకుండా సొంత కాగితం మీద సంతకం పెట్టించిన యజమాని విషయంలో ఏమి చేయాలో కూడా చాలామంది అడిగారు. చట్టం వర్తించే ఇల్లయితే, అద్దెదారు ప్రామాణిక పత్రం కావాలని రాతపూర్వకంగా అడగాలి. 21 రోజులలో ఇవ్వకపోతే ఒక నెల అద్దెను ఆపి ఉంచవచ్చు. ఆపిన తరువాత 30 రోజులలోపు పత్రం ఇస్తే ఆ అద్దె కట్టేయాలి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ మొత్తం తిరిగి కట్టనక్కరలేదు. ఒక్క నెలకు మించి మాత్రం ఆపకూడదు. పత్రం లేకపోయినా, నోటిమాట మీద చేరినా, చట్టం ఇచ్చే మిగతా హక్కులన్నీ అలాగే ఉంటాయి.

ఇతర దేశాలకు వెళ్లేవారి కోసం ఒక్క మాట. ఇంగ్లండులో 2019 నాటి చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపున్న ఇళ్లకు డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు, దాన్ని ఆమోదిత పథకంలో 30 రోజులలో భద్రపరచాలి. జర్మనీలో ఇతర ఖర్చులు కలపని మూడు నెలల అద్దె వరకు డిపాజిట్ తీసుకోవచ్చు, దాన్ని మూడు వాయిదాలలో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. ఒంటారియో నియమాలను ఆ దేశాలకు అన్వయించుకోకూడదు.

ఈ పత్రాన్ని చదువుతున్నంతసేపూ నాకు పెదవాల్తేరు చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ విద్యార్థులు గుర్తుకు వచ్చారు. వారికి ఇల్లు ఇచ్చే ఓనరు ఆ సంగతిని 24 గంటల్లో అధికారులకు తెలపాలన్న నియమం ఉంది. ఆ విద్యార్థులకు తమ హక్కులు చెప్పే కాగితం మాత్రం మనం ఏదీ ఇవ్వడం లేదు. స్టాంపు కాగితం మీద నేను రాసే ఒప్పందాలకు వెనుక, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారో, మరమ్మతులు ఎవరివో తేలిక మాటలలో చెప్పే ఒక పుటను జోడించడం మొదలుపెట్టాను. కొందరు ఓనర్లు ఆ పుటను తీసేయమన్నారు. ఎక్కువమంది చదివి సంతకం పెట్టారు.

ఒంటారియో పత్రం మీద సంతకాలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా చేయవచ్చు. అద్దెదారు సంతకం చేసి ఇచ్చిన 21 రోజులలోపు యజమాని సంతకంతో కూడిన ప్రతిని అద్దెదారుకు అందజేయాలి. అది అందేవరకు అద్దె కట్టవలసిన బాధ్యతను చట్టం నిలిపి ఉంచుతుంది, అందగానే ఆగిన అద్దె కట్టాలి. ఆ ప్రతి ఒకటి పిల్లల దగ్గర, మరొకటి ఇక్కడ ఇంట్లో ఉండాలి; అద్దెకు రసీదు అడిగితే యజమాని ఉచితంగా ఇవ్వాలి కాబట్టి ప్రతి నెల రసీదునూ దానితో కలిపి దాచుకోవాలి.